ఓడ దిగి రోమ్ చూసి, వేళకు మళ్లీ ఓడెక్కడం ఎలా? చివిటావెక్కియా రేవులో ఒక రోజుకు సమగ్ర మార్గదర్శి

క్రూయిజ్ టికెట్ మీద ‘రోమ్’ అనే రాసి ఉంటుంది. ఓడ ఆగేది మాత్రం చివిటావెక్కియా అనే రేవులో. అక్కడి నుంచి రోమ్ నగరం దాదాపు 80 కిలోమీటర్లు. ఒడ్డున కాలు పెట్టాక ఈ సంగతి తెలిస్తే సగం రోజు వృథా అయినట్టే.

మధ్యధరా క్రూయిజ్‌కు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: ఓడవాళ్లు పెట్టే బస్సులోనే వెళ్లాలా, సొంతంగా రైల్లో వెళ్లి రావచ్చా? వెళ్లి రావచ్చు, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. అయితే ఓడవాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ రైలు ఆలస్యమైతే ఆగదు. ఆ తేడాను తట్టుకునేలా రోజును ఎలా అమర్చుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1. రోజును చివరి నుంచి లెక్కపెట్టండి

చాలామంది ‘పొద్దున ఏడుకు దిగుతాం, ఎనిమిదికి రైలు, తొమ్మిదిన్నరకు రోమ్’ అని ముందు నుంచి లెక్క వేస్తారు. సాయంత్రం చిక్కుల్లో పడేది వీళ్లే. లెక్క తిరుగు ప్రయాణంతో మొదలుపెట్టాలి.

ఓడ బయలుదేరే వేళ వేరు, అందరూ ఎక్కి ఉండాల్సిన గడువు వేళ వేరు. గడువు సాధారణంగా అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. ముందు రాత్రి క్యాబిన్‌కు వచ్చే దినపత్రంలో ఆ వేళ ఉంటుంది. మీకు లెక్క ఆ వేళే.

ఓడ రాత్రి 7 గంటలకు బయలుదేరుతుంది, గడువు 6.30 అనుకుందాం:

- 5.30: ఓడ మెట్ల దగ్గర ఉండాలి. గడువుకు ముందు గంట మిగులు. దీన్ని దేనికీ ఖర్చుపెట్టకండి.
- 4.45: చివిటావెక్కియా స్టేషన్‌లో దిగాలి.
- 3.45 ప్రాంతం: రోమ్‌లో రైలెక్కాలి.
- 3.20: రోమ్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఉండాలి.
- 2.50: చూడటం ఆపి బయలుదేరాలి.

పొద్దున 7.30కు ఓడ దిగినా, వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి ముందున్న చౌరస్తాకు చేరేసరికి 9.30 దాటుతుంది. అంటే రోమ్‌లో మీ చేతిలో ఉండేది అయిదుంబావు గంటలు. రోజంతా మనదే అనుకుని వేసుకున్న జాబితాను ఇక్కడే సగానికి కొట్టేయండి.

ఇంకో చిన్న మెలిక. మీ ఓడ గ్రీసు వైపు నుంచి వస్తుంటే, ఇటలీ సమయం గ్రీసు కంటే గంట వెనక. ఓడ గడియారం మార్చారో లేదో కనుక్కోండి. దిగే ముందు ఓడలోని గోడ గడియారాన్నీ మీ ఫోనునూ పోల్చి చూసుకోండి. గడువు ఓడ సమయం ప్రకారమే.

2. ఇంటి దగ్గరే పూర్తి చేయాల్సిన పనులు

*వీసా.* భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంజెన్ వీసా (ఇటలీ, గ్రీసు సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్1బి ఉన్నా ఈ మాట మారదు. ఓడ మధ్యలో తుర్కియే వంటి షెంజెన్ బయటి దేశానికి వెళ్లి మళ్లీ ఇటలీకో గ్రీసుకో వస్తుంటే, ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు, పలుమార్లు ప్రవేశించే వీసా ఉండాలి. టికెట్ కొనే ముందే రేవుల జాబితా ముందు పెట్టుకుని ఇది చూసుకోండి.

*ఒక్క పెద్ద ప్రవేశం.* కొలోసియం (పాత రోమన్ల పోరాట క్రీడల మైదానం) లోపలికి వెళ్లాలా, వాటికన్ మ్యూజియంలకా? ఏదో ఒకటే. రెండూ ఒకే రోజు అనుకుంటే రెండింటినీ పరుగులోనే చూస్తారు. మైకెలాంజెలో చిత్రాలున్న సిస్టీన్ చాపెల్ ఉన్నది వాటికన్ మ్యూజియంలలోనే, దానికే మూడు గంటలు పడుతుంది. మొదటిసారి వెళ్లేవారికి నా ఓటు కొలోసియానికే, ఎందుకంటే అది తిరుగు దారిలో కలిసొస్తుంది.

కొలోసియం టికెట్లు అధికారిక వెబ్‌సైట్‌లో సుమారు నెల రోజుల ముందు విడుదలవుతాయి. వేళ ముందే ఎంచుకోవాలి. టికెట్ మీద ఒక్కొక్కరి పేరూ ఉంటుంది, గుర్తింపు పత్రంలో ఉన్నట్టే ఇవ్వాలి. మనకు ఇంటిపేరు ముందు రాసే అలవాటు కాబట్టి ఇక్కడ తికమక పడతాం. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏది ఉందో చూసి అలాగే నింపండి. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతపు వేళ తీసుకోండి. ఉదయం వేళ తీసుకుంటే, ఓడ రేవుకు కాస్త ఆలస్యంగా వచ్చినా టికెట్ డబ్బు పోయినట్టే.

*వారం చూసుకోండి.* వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం తెరుస్తారు గానీ ఆ రోజు ప్రవేశం ఉచితం కాబట్టి రద్దీ చెప్పనలవి కాదు. పోప్ రోమ్‌లో ఉంటే బుధవారం ఉదయం సెయింట్ పీటర్స్ చౌరస్తాలో ప్రజలకు దర్శనమిస్తారు. ఆ పూట చర్చి లోపలికి వెళ్లగలమన్న ఆశ పెట్టుకోవద్దు.

*సమ్మె ఉందా?* ఇటలీలో రైల్వే సమ్మెలను ముందే ప్రకటిస్తారు. ‘షోపెరో’ (సమ్మె) అనే మాట కనిపిస్తే ఆగి చదవండి. పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు ప్రాంతీయ రైళ్లు కొన్ని తప్పనిసరిగా నడుస్తాయి. మన చిక్కంతా ఇక్కడే: పొద్దున రైలు దొరుకుతుంది, రోమ్ చేరతారు, తిరిగి రావాల్సిన మధ్యాహ్నం రైలుకు మాత్రం హామీ లేదు. సమ్మె రోజైతే మారుమాట లేకుండా ఓడవాళ్ల బస్సులో సీటు కొనుక్కోండి.

3. ముందు రాత్రి సంచి సర్దుకోవడం

- ఓడ కార్డు. ఇది లేకపోతే తిరిగి ఎక్కేటప్పుడు ఇబ్బంది.
- పాస్‌పోర్టు. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. అప్పుడు ఫొటో పేజీ, వీసా పేజీ నకళ్లు, ఫొటో ఉన్న మరో గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి.
- ఓడ దినపత్రం ఫొటో. అందులో గడువు వేళతో పాటు రేవు ఏజెంట్ (ఆ రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) ఫోను నంబరు ఉంటుంది.
- కొలోసియం టికెట్, రోమ్ మ్యాప్: రెండూ ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోనులో దించుకోవాలి.
- పవర్ బ్యాంకు, ఖాళీ నీళ్ల సీసా (గాజుది వద్దు), టోపీ.
- భుజాలు కప్పుకోవడానికి చున్నీ లేదా కండువా. సెయింట్ పీటర్స్ చర్చిలోకి వెళ్లాలంటే ఆడా మగా ఎవరైనా భుజాలు, మోకాళ్లు కప్పుకుని ఉండాలి. చీర కట్టినా చేతుల్లేని జాకెట్టైతే పైన కప్పుకోవాల్సిందే.
- కాస్త చిల్లర. మరుగుదొడ్డికి పనికొస్తుంది.
- రోజూ వేసుకునే మందులు, ఒక పూటకు ఎక్కువే.

చెప్పుల గురించి విడిగా చెప్పాలి. రోమ్ పాత వీధులన్నీ నల్లరాళ్లు పరిచినవి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అమ్మలు ‘అలవాటైన చెప్పులే హాయి’ అంటారు. రెండు కిలోమీటర్లకే ఆ హాయి తీరిపోతుంది. మెత్తటి అడుగున్న బూట్లు వేయించండి, చీర మీదకైనా సరే. అక్కడ ఎవరూ చూడరు.

పెద్ద వీపు సంచి వద్దు. కొలోసియంలోకి రానివ్వరు.

4. ఓడ నుంచి స్టేషన్‌కు

రేవు చాలా పెద్దది, లోపల నడిచే పని పెట్టుకోకండి. ఓడ పక్కన నిలిచే రేవు బస్సు మిమ్మల్ని లార్గో దెల్లా పాచే అనే చోట దింపుతుంది. అక్కడి నుంచి స్టేషన్‌కు సిటీ బస్సు ఉంది. నడిస్తే సుమారు 20 నిమిషాలు, సముద్రపు ఒడ్డు వెంబడి, చదునైన దారి.

దిగీ దిగగానే ‘రోమ్, రోమ్’ అంటూ చుట్టుముట్టే వ్యాన్లవాళ్లు ఉంటారు. మన బస్టాండ్లలో అలవాటైన దృశ్యమే. నవ్వి ముందుకు నడవండి.

ఓడ నుంచి మొదటి అరగంటలో దిగితే రేవు బస్సుకు వరుస తక్కువ. పొద్దుటి ఫలహారం ఓడలో కడుపునిండా తినండి గానీ దిగేముందు కాదు, ఆరున్నరకే తినేయండి.

ఇంకో మాట: ఫోనును ఓడలో ఉన్నంతసేపూ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, ఒడ్డున దిగాకే తీయండి. లేకపోతే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు తగులుకుని బిల్లు వాచిపోతుంది.

5. రైలు టికెట్, ఎక్కాల్సిన రైలు

రెండు దారులు. రానూపోనూ విడివిడి ప్రాంతీయ టికెట్లు కొనవచ్చు. లేదా ‘బిర్గ్’ అనే ఒక రోజు పాస్ తీసుకోవచ్చు. ఇది చివిటావెక్కియా–రోమ్ ప్రాంతీయ రైళ్లకు, రోమ్‌లో మెట్రోకు, బస్సులకు ఆ అర్ధరాత్రి వరకు చెల్లుతుంది. నాకు తెలిసినంతలో 12 యూరోలు, వెళ్లేనాటికి మారి ఉండవచ్చు. రోమ్‌లో ఒకటి రెండుసార్లు మెట్రో ఎక్కుతారు కాబట్టి పాస్ నయం. వేరే టికెట్ కోసం యంత్రం ముందు నిలబడే పది నిమిషాలూ మిగులుతాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు.

కాగితపు టికెట్‌ను ప్లాట్‌ఫారం దగ్గరి చిన్న యంత్రంలో ముద్ర వేయించకుండా ఎక్కడం మొదటిది. టికెట్ కొన్నా, ముద్ర లేకపోతే జరిమానా కట్టాలి. ఆన్‌లైన్‌లో కొన్న ప్రాంతీయ టికెట్‌కైతే ఎక్కే ముందు ఫోనులో చెక్-ఇన్ చేసుకోవాలి.

రెండోది, ముందొచ్చింది కదా అని దూరప్రాంతాల వేగపు రైలు ఎక్కేయడం. ప్రాంతీయ టికెట్ దానికి చెల్లదు.

మూడోది, అందరూ వెళ్తున్నారని రోమ్ ప్రధాన స్టేషన్ తెర్మినీ దాకా కూర్చోవడం. మీరు దిగాల్సింది అంతకు చాలా ముందే, రోమా సాన్ పియెత్రో స్టేషన్‌లో. చివిటావెక్కియా నుంచి సుమారు 50 నిమిషాలు. దిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే సెయింట్ పీటర్స్ చౌరస్తా. తెర్మినీకి వెళ్లి మెట్రోలో వెనక్కి వస్తే ముప్పావు గంట దండుగ.

6. రోమ్‌లో నడక: పడమర నుంచి తూర్పుకు, ఒకే దిశలో

రోజంతా వెనక్కి తిరగకుండా నడవాలి. మొత్తం అయిదారు కిలోమీటర్లు.

*9.30, సెయింట్ పీటర్స్.* చర్చి ప్రవేశానికి డబ్బు లేదు, భద్రతా తనిఖీకి వరుస మాత్రం ఉంటుంది. వరుస అరగంటకు మించేలా ఉంటే లోపలికి వెళ్లకండి. ‘ఇంత దూరం వచ్చి’ అన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అప్పుడు కొలోసియం టికెట్ తీసి వేళ చూపించండి. ఎలా చూసినా 10.45కు కదలాలి.

*నది దాటి నవోనా.* చౌరస్తా ఎదుటి వెడల్పాటి వీధిలో నేరుగా నడిస్తే కోట, కోట ముందు దేవదూతల శిల్పాలున్న వంతెన. దాటి పియాజ్జా నవోనా అనే చౌరస్తాకు చేరండి. నడిమి ఫౌంటెన్‌లో నాలుగు నదులను నాలుగు విగ్రహాలుగా చెక్కారు, వాటిలో ఒకటి మన గంగ. గంగమ్మ కోసం వెతికితే దొరకదు, తెడ్డు పట్టుకున్న మగవాడిని వెతకండి.

*పాంథియాన్.* పాత రోమన్ల గుడి, నవోనా నుంచి అయిదారు నిమిషాలు. 2023 జూలై నుంచి ప్రవేశానికి టికెట్ పెట్టారు. వరుస చిన్నదైతే కొని వెళ్లండి, లోపల పావుగంట చాలు. పెద్దదైతే బయటి స్తంభాల దగ్గర నిలబడి ముందుకు సాగండి.

*ట్రెవీ.* పేరున్న ఫౌంటెన్, ఇంకో పది నిమిషాలు. జనం కిక్కిరిసి ఉంటారు. ఫొటోకు అందరూ పైకి చూస్తూ నిలబడే చోటు కాబట్టి జేబుదొంగలకు అనువు. ఫోను చేతిలో, సంచి పొట్ట మీద. ఫౌంటెన్ గట్టు మీద కూర్చోనివ్వరు.

స్పానిష్ మెట్లను ఈ రోజుకు వదిలేయండి. వాటి మీద కూర్చుంటే జరిమానా వేసే నిబంధన 2019లో వచ్చింది. కూర్చోలేని మెట్ల కోసం దారి మళ్లడం దేనికి?

*12.45, కొలోసియం.* ట్రెవీ నుంచి పియాజ్జా వెనేజియా మీదుగా పెద్ద రోడ్డు పట్టుకుంటే, కుడివైపు పాత రోమన్ ఫోరం శిథిలాలు రోడ్డు మీది నుంచే కనిపిస్తాయి. కొలోసియం టికెట్‌తో ఫోరంలోకీ వెళ్లవచ్చు, కానీ నీడ లేని చోటు. జూలై, ఆగస్టు ఎండలో మధ్యాహ్నం పూట అక్కడికి పెద్దవాళ్లను దించకండి. పైనుంచి చూస్తే సరిపోతుంది.

2.50కు బయటపడాలి. ఒక మనిషికి గడియారం చూసే పని అప్పగించండి. ఫొటోలు తీసే మనిషికి మాత్రం కాదు.

7. తిండీ నీళ్లూ

ముక్కలుగా కోసి తూకానికి అమ్మే పిజ్జా కొట్లు దారంతా ఉంటాయి. వేలితో ఎంత కావాలో చూపిస్తే కోసి, వేడి చేసి ఇస్తారు. కూర్చునే హోటల్లోకి వెళ్తే గంట పోతుంది, ఈ రోజు మీకు ఆ గంట లేదు.

శాకాహారులు ‘సెంజా కార్నే, సెంజా పేషే’ అనండి: మాంసం వద్దు, చేప వద్దు. చేప సంగతి విడిగా చెప్పకపోతే పిజ్జా మీద చిన్న ఉప్పు చేపలు రావచ్చు. మారినారా పిజ్జాలో జున్ను కూడా ఉండదు: టమాటా, వెల్లుల్లి, నూనె మాత్రమే. కార్బొనారా, అమత్రిచానా రెండింట్లోనూ పంది మాంసం ఉంటుంది. మన అన్నపు ఉండల్లా కనిపించే సుప్లీ చూసి మోసపోకండి, లోపల తరచుగా మాంసపు సాస్ ఉంటుంది.

కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే మరో ధర. అదే కొట్లో మరుగుదొడ్డీ వాడుకోవచ్చు. ఈ రెండు పనులూ కలిపి చేసుకోవడమే తెలివి.

నీళ్లు కొననక్కర్లేదు. వీధుల్లో ‘నసోనే’ అనే ఇనప కుళాయిలు రెండువేలకు పైగా ఉన్నాయి. చల్లటి తాగునీరు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. సీసా నింపుకోండి.

8. తిరుగు రైలు: అసలు తప్పులు జరిగేది ఇక్కడే

అలవాటుగా అందరూ తెర్మినీకి పరిగెడతారు. అక్కడ చివిటావెక్కియా వైపు ప్రాంతీయ రైళ్లు తరచుగా చిట్టచివరి ప్లాట్‌ఫారాల నుంచి బయలుదేరతాయి. స్టేషన్‌లో అడుగుపెట్టాక కూడా దాదాపు పది నిమిషాల నడక. నాలుగు నిమిషాలుందని ధీమాగా వచ్చినవారు రైలు తోకను చూస్తారు.

బదులుగా ఒస్తియెన్సె స్టేషన్‌కు వెళ్లండి:

1. కొలోసియం ఎదుటే మెట్రో స్టేషన్. బి లైన్‌లో లౌరెంతీనా వైపు వెళ్లే రైలెక్కండి.
2. రెండో స్టాపు పిరామిదె. దిగండి.
3. లోపలి దారి గుండా రోమా ఒస్తియెన్సె స్టేషన్‌కు నడవండి.
4. బోర్డు మీద రైలు, ప్లాట్‌ఫారం చూడండి. ‘బినారియో’ అంటే ప్లాట్‌ఫారం, ‘రితార్దో’ అంటే ఆలస్యం, ‘కాంచెల్లాతో’ అంటే రద్దు.

తెర్మినీలో బయలుదేరిన రైలే కాసేపటికి ఇక్కడ ఆగుతుంది. సీటు దొరక్కపోవచ్చు, రైలు మాత్రం దొరుకుతుంది.

ఒస్తియెన్సెలో జాగ్రత్త ఒకటుంది. ఇక్కడ మూడు వైపుల రైళ్లు ఆగుతాయి: ఫియుమిచీనో విమానాశ్రయానికి, వితెర్బోకు, చివిటావెక్కియాకు. వితెర్బో రైలు కూడా పొద్దున మీరు దిగిన సాన్ పియెత్రో మీదుగానే వెళ్తుంది కాబట్టి ‘ఇదే మన రైలు’ అనిపిస్తుంది. ఆ తరువాత అది వేరే దారి పడుతుంది. ఇంకో వైపు, గ్రోసెతో అనో పీసా అనో రాసి ఉన్న ప్రాంతీయ రైలు చివిటావెక్కియాలో ఆగుతుంది. బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చూసి వదిలేయకండి, మధ్య స్టేషన్ల జాబితాలో చివిటావెక్కియా ఉందా అన్నది చూడండి. ఎక్కాక నిద్రపోకండి కూడా. ఆ రైలుకు చివిటావెక్కియా ఆఖరి స్టేషన్ కాదు.

అనుకున్న రైలు రద్దయితే: తరువాతి రైలు గంటలోపు ఉంటే ఆగండి, మీ మిగులు గంట ఉన్నది దీనికే. లేకపోతే మీటరున్న తెల్లటి అధికారిక టాక్సీ మాట్లాడండి. వంద యూరోలు దాటుతుంది. అదే స్థితిలో ఉన్న ఓడ ప్రయాణికులు ప్లాట్‌ఫారం మీద ఇంకా ఉంటారు, మెడలో ఓడ కార్డు చూసి గుర్తుపట్టవచ్చు. నలుగురు కలిస్తే భారం తగ్గుతుంది.

9. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే

అయిదు కిలోమీటర్లు నడవలేని మనిషి ఒక్కరున్నా పైన చెప్పిన క్రమం పనికిరాదు. సెయింట్ పీటర్స్ చూసుకుని, అక్కడి నుంచి టాక్సీలో కొలోసియం బయటకు చేరి, చుట్టూ చూసి ఒస్తియెన్సెకు వచ్చేయండి. అదీ కష్టమనుకుంటే ఓడవాళ్ల బస్సే మేలు, డబ్బుకు చూసుకోవద్దు.

రోమ్ ఇదివరకే చూసినవారికి మరో దారి: ఉత్తరం వైపు రైల్లో కొద్ది నిమిషాల దూరంలో తార్క్వీనియా ఉంది. రోమన్ల కంటే ముందటి ఎత్రుస్కన్‌ల కాలపు రంగు చిత్రాలున్న భూగర్భ సమాధులు, రద్దీ లేని ఊరు. సోమవారం మాత్రం సమాధుల దగ్గరికి వెళ్లవద్దు, సెలవు.

10. ఓడ తప్పిపోతే

ఆలస్యం ఖాయమని తెలిసిన క్షణంలోనే దినపత్రంలోని రేవు ఏజెంట్‌కు ఫోను చేయండి, రేవుకు చేరాక కాదు. పేరు, క్యాబిన్ నంబరు, ఎక్కడున్నారో చెప్పండి. పాస్‌పోర్టు క్యాబిన్‌లో ఉండిపోతే, ఓడ సిబ్బంది దాన్ని తీసి ఏజెంట్‌కు అప్పగించి వెళ్లే పద్ధతి చాలా ఓడల్లో ఉంది. అడగండి.

తరువాతి రేవు ఏదో చూడండి. నేపుల్స్ అయితే రోమ్ తెర్మినీ నుంచి వేగపు రైల్లో గంటా పది నిమిషాలే, మర్నాడు ఉదయం ఓడ కంటే ముందే రేవులో నిలబడవచ్చు. వేరే దేశమైతే విమానం, ఆ ఖర్చంతా మీదే. ప్రయాణ బీమాలో ఓడ తప్పడం కవర్ అవుతుందో లేదో ఇంటి దగ్గరే చదివి పెట్టుకోండి. పాస్‌పోర్టు పోయి ఉంటే ముందు పోలీసు ఫిర్యాదు, తరువాత భారత రాయబార కార్యాలయం. అది తెర్మినీకి దగ్గర్లో, వియా వెంతి సెత్తెంబ్రె వీధిలో ఉంది. అత్యవసర నంబరు 112.